గిలక తిరగడానికి ముందు నలభై సెకన్లు

మీరు మళ్లీ తీయాలని ఉబలాటపడుతున్న ఆ పాత దెయ్యం సినిమాను, ఒక్క అడుగు కూడా కోత పడని ప్రతిలో, మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడైనా చూశారా?

చూశామనే అంటారు. మీరు చూసింది ఎవరో ఒక చెకర్ మీకు మిగిల్చిన సినిమా. ఆ చెకర్లలో నేనొకణ్ణి. డెబ్బైల దశకమంతా విజయవాడ గాంధీనగర్‌లో ఒక పంపిణీ కార్యాలయంలో ప్రింట్లు పరీక్షించే ఉద్యోగం చేశాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది, రిటైరైన రోజు ఎవరు దండ వేశారు అన్న సంగతులు సినిమాలు తీయబోయే మీకు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు. నేను చేసిన ఒక తప్పు మాత్రం మీకు కావాలి. పాత భయానక చిత్రాలను తిరిగి తీయవచ్చా అని ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. నా జవాబు ఆ తప్పులోంచే వచ్చింది.

వేళ్లతో చూసే పని

ఊళ్లలో ఆడి వచ్చిన సినిమా రేకు పెట్టెల్లో మా ఆఫీసుకు చేరేది. ఒక్కొక్క రీలును బల్ల మీద చక్రానికి తగిలించి, నూలు గ్లవుజు వేసుకున్న చేతివేళ్ల మధ్య అంచు పట్టుకుని, రెండో చేత్తో చక్రం తిప్పుతాం. కళ్లతో చూసేది తక్కువ. ఫిల్ము అంచునున్న చిల్లులు చిరిగితే వేలికి ముల్లులా తగులుతుంది. పాత అతుకు అయితే చిన్న గట్టులా తగులుతుంది. చిరిగిన చోట రెండు మూడు ఫ్రేముల బొమ్మలు కత్తిరించి, బ్లేడుతో గీకి, సిమెంటు అనే జిగురు రాసి అతికించి, ఎంత కోశామో రిపోర్టులో రాయాలి. అదీ పని.

నేను చేరిన మొదటి రోజే మా మేనేజరు వీరభద్రరావు గారు నాకొక మాట చెప్పారు. "చెకర్‌కి వేళ్లుండాలోయ్. అభిప్రాయాలుండకూడదు."

నేను అప్పటికే సాయంత్రాలు హేతువాద చర్చల్లో బల్ల గుద్ది మాట్లాడేవాణ్ణి. అభిప్రాయాలు లేని మనిషి మనిషేనా అని లోలోపల నవ్వుకున్నాను. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ. "ఏమోయ్ నాస్తికుడూ, బందరు పెట్టె వచ్చిందా?" అనేవారు.

గిలక సినిమా

నా బల్ల మీదికి ఎక్కువసార్లు వచ్చింది ఒక పాత నలుపు తెలుపు చిత్రం. అసలు పేరు రాయను. జనం దాన్ని గిలక సినిమా అనేవారు. కథ చిన్నది. ఒక పెద్ద ఇంట్లో పెద్దకోడలు బావిలో పడి చనిపోయింది. జారిపడిందన్నారు. ఆ తరవాత ఆ బావి గిలక దానంతటదే తిరుగుతుంటుంది. తడి తాడు పైకి వస్తుంది, తీరా చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. కొత్తగా వచ్చిన చిన్నకోడలు ఆ గుట్టు విప్పుతుంది. పెద్దకోడల్ని పొలం కోసం ఇంటివాళ్లే చంపారు. అది చూసి కూడా నోరు విప్పలేకపోయిన ఒక ముసలి పనిమనిషి, ఆ చావును ఎవరూ మరిచిపోకూడదని చాటునుంచి ఆ తాడు లాగుతోంది. దెయ్యం లేదు. ఉన్నది ఒక ముసలిదాని మనస్సాక్షి.

రెండో రీలులో గిలక మొదటిసారి తిరుగుతుంది. దానికి ముందు నలభై సెకన్లపాటు ఏమీ జరగదు. వరండా, స్తంభం పక్కన చిన్నకోడలు, దూరంగా బావి. కెమెరా కదలదు. సంగీతం ఉండదు, గాలి చప్పుడు కూడా ఉండదు. ఆమె తల మాత్రం మనకు తెలియకుండా కొద్ది కొద్దిగా వంగుతుంది. అప్పుడు గిలక సగం చుట్టు తిరిగి ఆగిపోతుంది. అంతే.

భూతద్దం పెట్టి చూస్తే గిలక పక్కన నల్ల దారం కనిపిస్తుంది. ఆ దారాన్ని నేను వందసార్లు చూసి ఉంటాను. అయినా ఆ రీలును తెర మీద చూసిన ప్రతిసారీ, దారం ఉందని తెలిసిన నా చేతుల మీద రోమాలు లేచేవి. నాకది అవమానంగా ఉండేది. మోసం తెలిశాక కూడా ఒళ్లు ఎందుకు జలదరించాలి? ఆ ప్రశ్నను నేను ఓపిగ్గా పట్టుకుని ఉంటే నా జీవితంలో పెద్ద తప్పు ఒకటి తప్పేది. నేను పట్టుకున్నది కత్తెర.

కోత

హనుమాన్ జంక్షన్‌కు కొద్ది దూరంలో ఒక ఊళ్లో రేకుల హాలు ఉండేది. అక్కడి ఆపరేటరు సామ్యేలు గారు. ఆదివారం ఉదయం చర్చిలో పాటలు పాడించి, అక్కణ్ణుంచి తిన్నగా మార్నింగ్ షోకి వచ్చే మనిషి. ఆయన మిషనుకు ఏ ముక్క కావాలన్నా ఆటోనగర్‌లో లేతు పట్టించి నేనే తీసుకెళ్లేవాణ్ణి. అలా వెళ్లిన ఒక రోజు మ్యాట్నీలో గిలక సినిమా ఆడుతోంది. గిలక తిరిగిన చోట, ఆడవాళ్ల వైపునుంచి ఒకామె పెద్ద కేక పెట్టి స్పృహ తప్పి పడిపోయింది. పేరు కోటమ్మ. పెళ్లయి రెండేళ్లయిన మనిషి.

ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున నేను ప్రింటు పెట్టె తీసుకుని బయల్దేరేసరికి ఆమె ఇంటిముందు జనం మూగి ఉన్నారు. దెయ్యం పట్టిందని అత్తామామలు భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు వేపమండలతో ఆమె వీపు మీద కొడుతున్నాడు. నేను అడ్డం పడ్డాను. నాలుగు మాటలన్నాను, నాలుగు మాటలు పడ్డాను. నన్ను ఇద్దరు రెక్కపట్టి బస్సు దాకా సాగనంపారు.

ఆ బస్సులోనే తీర్పు రాసేసుకున్నాను. ఈ సినిమా అమాయకుల బుర్ర చెడగొడుతోంది. నిషేధించమని ఉపన్యాసాలిస్తే ఎవడు వింటాడు? నా బల్ల ఉంది, నా కత్తెర ఉంది. ఆఫీసుకు వచ్చి, నలభై సెకన్ల షాటు మధ్యలోంచి ముప్పై రెండు సెకన్లు తీసేశాను. నలభై ఎనిమిది అడుగులు. ఎనిమిది సెకన్లలో వరండా వచ్చి, గిలక తిరిగి, సీను అయిపోయేటట్లు అతికించాను. రిపోర్టులో "చిల్లుల చిరుగు" అని అబద్ధం రాశాను. అబద్ధానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చే నేనే ఆ మాటను గుండ్రటి అక్షరాలతో రాశాను. మంచిపని చేస్తున్నానన్న నమ్మకం చేతిని అంత గట్టిగా ఉంచుతుంది.

ముక్కను పారెయ్యలేదు. బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు దాంట్లోంచి కొన్ని బొమ్మలు కత్తిరించి, "చూడండి, ఇదే మీ దెయ్యం, ఇదిగో దారం" అని సభలో చేతికిచ్చేవాణ్ణి. ఇచ్చినవి తిరిగి వచ్చేవి కావు.

కోటమ్మను మాత్రం, నువ్వెందుకు అరిచావమ్మా అని అడగలేదు. సాక్ష్యం లేకుండా ఏదీ నమ్మనని చెప్పుకునేవాణ్ణి, సాక్షిని పిలవకుండానే తీర్పిచ్చాను.

సామ్యేలు గారి తగాదా

ప్రింటు మళ్లీ ఆ ఊరు వెళ్లింది. నేను తరవాతిసారి వెళ్లగానే సామ్యేలు గారు మిషను తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగారు.

"రెండో రీల్లో ముక్క పోయిందేంటండీ?"

"చిల్లులు చిరిగాయండీ. కోసేశాను."

"చిరిగాయా, మీరే చింపారా?"

నేను సంచిలోంచి మిషను సామాను తీయసాగాను.

"చెకర్ గారూ, ఆ సీనుకి నేనెప్పుడూ ఊపిరి బిగబట్టుకుంటానండి. ఈసారి బిగబట్టేలోపే అయిపోయింది. ముప్పై సెకన్లకి తక్కువుండదు మీరు లేపేసింది."

వేళ్లతో కొలిచేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆయన ఊపిరితో కొలిచాడు. దాంతో ఒప్పుకున్నాను. కోటమ్మ సంగతి చెప్పి, మూఢనమ్మకాల గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన గుడ్డ దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"నేను దేవుణ్ణి నమ్ముతానండి, దెయ్యాన్ని నమ్మను. మీరు రెండిటినీ నమ్మరు. మనిద్దర్లో ఆ బొమ్మకి జడిసి కత్తెర పట్టుకుంది ఎవరంటారు?"

"నేను నా కోసం కొయ్యలేదండీ. ఆ పిల్ల కోసం."

"పోనీ ఆ పిల్లనడిగేరా? హాలెదురుగా పూలమ్ముతోందిప్పుడు. ప్రతిసారీ ఆ బుట్ట దాటుకునే వత్తారుగా తమరు."

నేను అడగలేదు. నా వాదన మీద నాకు అంత నమ్మకం.

మద్రాసు నుంచి వచ్చినవాళ్లు

కొంతకాలానికి గిలక సినిమాను రంగుల్లో తిరిగి తీయడానికి మద్రాసువాళ్లు హక్కులు కొన్నారు. నెగటివు చెమ్మకు పాడైపోయిందట. ఆడదగ్గ ప్రింటు మాదొక్కటే మిగిలింది. కొత్త చిత్రం పంపిణీ కూడా మా ఆఫీసుదే కాబట్టి, దర్శకుడు తన మనుషులతో విజయవాడ వచ్చాడు. ఒక ఉదయం హాలు ఖాళీగా ఉన్నప్పుడు వాళ్లకు సినిమా వేశాం. నేను వెనక వరసలో కూర్చున్నాను.

దర్శకుడు చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. అయిపోయాక ఒక నోట్‌బుక్కు చూసుకుంటూ, "గిలక సీను చాలా షార్పుగా ఉందండి. ఆ కాలంలోనే అంత స్పీడుగా ఎలా కట్ చేశారో. ఆమె తల ఒక్కసారిగా వంగిపోతుంది చూశారా, ఆ కుదుపు అద్భుతం. యథాతథంగా పెడతాను" అన్నాడు.

ఆ కుదుపు నా అతుకు.

అప్పుడు నోరు విప్పి ఉండాలి. "అయ్యా, అది ఆ కాలపు దర్శకుడి పని కాదు, నాది. అసలు ముక్క నా డబ్బాలో ఉంది" అంటే చాలు. అబద్ధపు రిపోర్టు బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది అని భయపడ్డాను. దెయ్యాలకు భయపడనివాణ్ణి ఒక కాగితానికి భయపడ్డాను. వీరభద్రరావు గారు దర్శకుడి వీపు తట్టి కాఫీకి తీసుకెళ్లారు.

హక్కులవాళ్ల షరతు ఒకటుంది. కొత్తది విడుదలైన నెలాఖరుకు పాత ప్రింటు ఆడటం ఆపేయాలి, చెకర్ చేత "పనికిరాదు" అని రాయించి గొడ్డలికి ఇవ్వాలి. ఇందులో వింతేమీ లేదు, అప్పట్లో వాడుకే. పాత ఫిల్మును ముక్కలుగా నరికి, కడిగి వెండి తీసుకుని, మిగిలిన రేకును గాజులవాళ్లకు అమ్మేసేవారు.

నవ్వు

రంగుల సినిమా వచ్చింది. మ్యాట్నీకి వెళ్లాను, హాలు నిండింది. వరండా వచ్చింది. ఎనిమిది సెకన్లు. కొత్త నటి తల ఒక్కసారిగా కుదుపుతో వంగింది. నా కత్తెర కాటును ఎంత శ్రద్ధగా కాపీ కొట్టారంటే, ఆ అతుకు నా వేలికి తగిలినట్లయింది. గిలక గిర్రున తిరిగింది, బావిలోంచి కోరలున్న దెయ్యం లేచింది. హాలంతా నవ్వింది. "బావా, మీ ఆవిడొచ్చిందిరో" అని ఎవరో అరిచారు. మళ్లీ నవ్వు.

చివర్లో ముసలి పనిమనిషి లేదు. మాంత్రికుడొచ్చి దెయ్యాన్ని సీసాలో బంధించాడు. మనస్సాక్షి స్థానంలో మంత్రం వచ్చి కూర్చుంది. మూఢనమ్మకాన్ని ఆపాలని నేను కోసిన కోత, అసలైన మూఢనమ్మకానికి దారి వేసింది. దర్శకుణ్ణి పూర్తిగా నిందించలేను. ఆ నలభై సెకన్లు చూసి ఉంటే, దెయ్యాన్ని చూపించాల్సిన అవసరం లేదని అతనికి తెలిసేదేమో. అతనికి తెలియకుండా చేసింది నేను.

కోటమ్మ చెప్పింది

ఆ వారమే బస్సెక్కి వెళ్లి, ఆ పూలబుట్ట ముందు నిలబడ్డాను. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"ఆ రోజు మా వాకిట్లో కేకలేసిన బాబుగారు గదా. మూర మల్లెలు కొయ్యమంటారా?"

"ఒక మాట అడగడానికొచ్చానమ్మా. ఆ సినిమాలో ఎందుకు అరిచావు? దెయ్యం కనిపించిందా?"

ఆమె దారం పళ్లతో తెంపి, దండ బుట్టలో పెట్టింది.

"దెయ్యమెక్కడుందండీ అందులో? ముసలమ్మ గదా లాగింది. అంతకుముందే ఓసారి చూశానండీ. మా పెద్ద తోటికోడలు కాలవలో జారిపోయిందన్నారండీ. నేనూ ఊరందరికీ అదే చెప్పాను. ఆ బొమ్మలో అంతసేపు ఏమీ జరగదు చూడండి, అప్పుడు మనిషికి తన సంగతే గుర్తొచ్చుద్దండీ. నేను నోరు మూసుకున్నది గుర్తొచ్చింది. ఆ గిలక కదిలేసరికి ఇంక ఆగలేకపోయాను."

"మరి తరవాత?"

"దెబ్బలు మానాక ఆమె పుట్టింటోళ్ల కాడికెళ్లి చూసింది చూసినట్టు చెప్పేశాను. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. ఇదిగో, పూలమ్ముకుంటన్నా."

తరవాత ఆమె బుట్ట సర్దుకుంటూ అన్నది: "మొన్న మళ్లీ వేస్తే చూశానండీ. ఆ ఖాళీ లేదేంటి?"

నా చదువు, నా ఉపన్యాసాలు, నా బల్లగుద్దుళ్లు అన్నీ ఆ పూలబుట్ట ముందు చిన్నవైపోయాయి. నేను ఎవరిని కాపాడాలని కోశానో ఆమెను ఆ ముప్పై రెండు సెకన్లే కాపాడాయి.

చివరి ఆట

వీరభద్రరావు గారి దగ్గరికెళ్లి అంతా చెప్పేశాను. అబద్ధపు రిపోర్టు కూడా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వేళ్లుండాలని చెప్పాను కదోయ్ నీకు."

"చెప్పారండీ."

"నెలాఖరు దాకా టైముంది. ఆదివారం సామ్యేలు హాల్లో మార్నింగ్ షో వేసుకో. నేనూ వస్తా. తరవాత సంతకం పెట్టి తీరాలి నువ్వు."

డబ్బా తెరిచి కొలిచాను. నలభై ఎనిమిది అడుగుల్లో ముప్పై అడుగులే ఉన్నాయి. మిగిలిన పద్దెనిమిది సభల్లో పంచేశాను. అంటే పన్నెండు సెకన్లు ఇక ఈ లోకంలో లేవు. సామ్యేలు గారికి చూపిస్తే ఆయన ముక్కను వెలుతురుకు పట్టి చూసి అన్నాడు.

"నల్ల ఫిలిం వెయ్యండి ఆ జాగాలో. పద్దెనిమిది అడుగులూ."

"తెర మీద బొమ్మ పోతే జనం ఊరుకుంటారాండీ? ఈలలేస్తారు. మిమ్మల్ని తిడతారు."

"తిట్టనివ్వండి. పోయిన ముక్కకి పోయినంత జాగా ఉంచాల గదా."

ఆదివారం హాలు నిండింది. రంగుల సినిమా చూసి నవ్వినవాళ్లు, దీన్ని చూసి ఇంకా నవ్వుదామని కూడా వచ్చారు. కోటమ్మ తన చోట కూర్చుంది. వీరభద్రరావు గారు బెంచీ మీద. నేను కేబిన్లో, సామ్యేలు గారి పక్కన.

రెండో రీలు. వరండా. ఆమె, స్తంభం, బావి. ఎవరో నవ్వారు. ఇంకెవరో దగ్గారు. అయిదు సెకన్లు, పది, ఇరవై. ఆమె తల కొద్దిగా వంగింది. నవ్వు ఆగిపోయింది. అప్పుడు నల్ల ఫిలిం వచ్చింది.

తెర మాయమైంది. ఆ ప్రాంతపు హాళ్లలో బొమ్మ పోతే క్షణంలో ఈలలు, బెంచీల మోత, ఆపరేటరు ఇంటిపేరుతో సహా తిట్లు మొదలవుతాయి. నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. ఒక్క ఈల లేదు. మిషను టకటక తప్ప ఏ చప్పుడూ లేదు. అయిదారువందల మంది, రైతులు, కూలీలు, టీచర్లు, చర్చి నుంచి వచ్చినవాళ్లు, గుడి నుంచి వచ్చినవాళ్లు, నల్లటి గోడకేసి చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒక్కొక్కళ్లూ ఆ చీకట్లో ఏం చూసుకున్నారో నాకు తెలియదు. నేను నా కత్తెరను చూసుకున్నాను.

వెలుతురు వచ్చింది. ఆమె తల వంగి ఉంది. గిలక సగం చుట్టు తిరిగి ఆగింది.

ఎవరూ అరవలేదు. హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలిన శబ్దం కేబిన్ కిటికీలోంచి నాకు వినిపించింది. గాలి వీచినట్లు. నేను ఏ దేవుడికీ ఎప్పుడూ చెయ్యెత్తి మొక్కలేదు. ఆ శబ్దం విన్నప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను. ఎవరో ముఖం తెలియని మనుషులు, ఒక దారం, ఒక గిలక, కొంత ఓపికతో, తమ తరవాతి తరం మనుషుల గుండెల్లో చెయ్యిపెట్టగలిగారు. ఇందులో అతీతశక్తి ఏమీ లేదు. అందుకే నాకంత ఆశ్చర్యం. ఇది మనిషి చేసిన పని.

సంతకం

నెలాఖరున రిపోర్టు నా ముందుకొచ్చింది. "పనికిరాదు" అన్న గడిలో సంతకం పెట్టాలి. పెట్టనన్నాను. వీరభద్రరావు గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"చెకర్ సంతకం లేకుండా గొడ్డలికి ఇవ్వకూడదని రూలుంది. షరతు ప్రకారం ఆట ఆపేద్దాం. ప్రింటు గోడౌన్లో ఉంటుంది. వాళ్లడిగితే నేను జవాబు చెప్పుకుంటాలే" అన్నారు. అంతకంటే పెద్ద ధైర్యాన్ని నేను నా పై అధికారుల్లో చూడలేదు.

కథ ఇక్కడ ఆపేస్తే నేను బాగా కనబడతాను. కానీ ఇంకో తప్పుంది. ప్రింటును కాపాడానన్న గర్వంతో ఏళ్లపాటు ఆ పెట్టె మూత తీయలేదు. రిటైరయ్యేముందు తీస్తే, ఫిల్ము పాడైనప్పుడు వచ్చే వెనిగర్ వాసన కొట్టింది. మూడు రీళ్లు అట్టకట్టి బెల్లం అచ్చులా అయిపోయాయి. రెండో రీలు బాగానే ఉంది. నా నల్ల ముక్కతో సహా.

ఇప్పుడు నా జవాబు వినండి. పాత దెయ్యం సినిమాలను తిరిగి తీయవచ్చు. తీయాలి కూడా. హేతువాదికి ముట్టుకోకూడని గ్రంథం లేదు, ముట్టుకోకూడని సినిమా కూడా లేదు. ప్రతి కాలానికీ నోరు మూసుకున్న సాక్షులుంటారు, వాళ్ల కోసం ఎవరో ఒకరు మళ్లీ ఆ తాడు లాగాలి. కానీ కొత్తదాని కోసం పాతదాన్ని చంపే షరతు నేరం. పాతదాన్ని పూర్తిగా చూడకుండా కొత్తది తీయడం సోమరితనం. భయమంటే కోరలనుకుని, ఖాళీని పనికిరాని ఫిల్ము అనుకుని కోసేవాడు, ఎవడైనా సరే, నేను చేసిన తప్పే చేస్తున్నాడు.

కాబట్టి నేను రాసిన ఈ కాగితాలు పక్కన పెట్టండి. మీరు తిరిగి తీయదలచిన సినిమా ప్రింటు ఏ గోడౌన్లో ఉందో కనుక్కుని, ఈ రోజే వెళ్లి మూత తీయండి. గ్లవుజు వేసుకుని అంచు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో తిప్పండి. వేలికి అతుకు తగిలిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ ఏం పోయింది, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడగండి. జవాబు దొరికాకే కెమెరా ముట్టుకోండి.